పలుగురాయిని పలికించిన పియరీ క్యూరీ

పియరీ క్యూరీ చిన్నప్పుడు ఒక్కరోజు కూడా బడికి వెళ్ళలేదు. ఫీజు కట్టి పిల్లల్ని పంపుతున్న మీకు స్కూలు పత్రికలోనే ఈ మాట చెప్పడం కాస్త వింతగా అనిపించవచ్చు. కానీ ఆయన కథ అక్కడే మొదలవుతుంది, దాటేసి చెప్పడం కుదరదు.

మేడమ్ క్యూరీ గురించి నాలుగో తరగతి పిల్లల్ని అడిగినా చెబుతారు. రేడియం, రెండు నోబెల్ బహుమతులు. ఆమె భర్తగా పియరీ పేరు పాఠంలో ఒక లైన్‌లో వచ్చి వెళ్ళిపోతుంది. అయితే మీ ఇంట్లో గోడ గడియారం, మీ చేతి వాచీ, ఈ టర్మ్‌లో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు రోబోటిక్స్ పీరియడ్‌లో పట్టుకు తిరుగుతున్న నీలం బోర్డు, ఇవన్నీ టైమ్ తప్పకుండా నడవడానికి మూలం రేడియం కాదు. పెళ్ళికి పదిహేనేళ్ళ ముందు పియరీ తన అన్నతో కలిసి కనిపెట్టిన మరో విషయం. ఈ నెల ఆ సంగతి చెప్పుకుందాం.

పియరీ 1859 మే 15న పారిస్‌లో పుట్టాడు. తండ్రి యూజీన్ క్యూరీ డాక్టరు. ఆదర్శాలున్న మనిషి. 1848లో పారిస్ వీధుల్లో పోరాటాలు జరిగినప్పుడూ, మళ్ళీ 1871లోనూ గాయపడ్డవాళ్ళకు వైద్యం చేశారు. డబ్బు పెద్దగా కూడబెట్టలేదు. పియరీ ఆయన రెండో కొడుకు. పెద్దవాడు జాక్, పియరీ కంటే మూడేళ్ళు పెద్ద.

పియరీ ఆలోచన తీరు చిన్నప్పటి నుంచీ వేరుగా ఉండేది. ఒక విషయం పట్టుకుంటే దాంట్లోనే మునిగిపోయేవాడు. అది ఒక కొలిక్కి వచ్చేదాకా మరో విషయంలోకి రాలేడు. ఒకటి వదిలి ఇంకొకటి అందుకోమంటే తికమక పడిపోయేవాడు. తనది మందబుద్ధి అనే అభిప్రాయం ఆయనకే చాలాకాలం ఉండేది. నలభై నిమిషాలకోసారి బెల్ కొట్టి లెక్కల నుంచి సోషల్‌కి, సోషల్ నుంచి హిందీకి దూకించే మన టైమ్‌టేబుల్‌లో ఆ పిల్లవాడు ఏ బెంచీలో కూర్చునేవాడో ఊహించడం కష్టం కాదు. మావాడికి అర్థమవుతుంది గానీ టైమ్‌కి పూర్తి చేయలేడు అని పేరెంట్స్ మీటింగ్‌లో చెప్పే తల్లులు ప్రతి సెక్షన్‌లోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఆ మాట చెప్పేటప్పుడు వాళ్ళ గొంతు తగ్గిపోతుంది. పక్కన కూర్చున్న పిల్లవాడు నేల చూస్తుంటాడు.

క్యూరీ దంపతులు గొంతు తగ్గించుకోలేదు. పిల్లవాడి తీరు ఇదీ అని గమనించారు, దానికి తగ్గ ఏర్పాటు చేశారు. మొదట తల్లి చదువు చెప్పింది. తర్వాత తండ్రి, అన్న జాక్ అందుకున్నారు. మిగిలిన సమయంలో తండ్రితో కలిసి ఊరి బయట పొలాల వెంట, చెరువుల వెంట తిరిగి మొక్కలూ, పురుగులూ పోగుచేసేవాడు. పద్నాలుగో ఏట బజీల్ అనే మంచి లెక్కల మాస్టారు దొరికారు. ఆయన దగ్గర లెక్కలు, లాటిన్ నేర్చుకున్నాడు. జామెట్రీలో వస్తువుల ఆకారాలు, వాటి సౌష్ఠవం కళ్ళ ముందు తిప్పి చూసుకోగల శక్తి అక్కడే బయటపడింది. పదహారో ఏట సైన్స్‌లో బాకలోరియా, అంటే దాదాపు మన ఇంటర్ లాంటి పరీక్ష, పాసయ్యాడు. పద్దెనిమిదో ఏట ఫిజిక్స్‌లో డిగ్రీ తీసుకున్నాడు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఇంట్లో ఒక డాక్టరు తండ్రి, ఓపికగల తల్లి, తెలివైన అన్న ఉన్నారు కాబట్టి అది సాగింది. అందరి ఇళ్ళలోనూ కుదిరే ఏర్పాటు కాదు, పిల్లల్ని బడి మాన్పించమని నేను చెప్పడమూ లేదు. వాళ్ళు ఏం చేశారన్నది కాదు, పిల్లవాణ్ణి ఎంత జాగ్రత్తగా చూశారన్నది నాకు ముఖ్యంగా కనిపిస్తుంది.

పై చదువులకు డబ్బు సరిపోక పందొమ్మిదో ఏట పియరీ సోర్బాన్ యూనివర్సిటీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాడు. జాక్ అదే యూనివర్సిటీలో ఖనిజాల విభాగంలో అసిస్టెంటు. అన్నకు స్ఫటికాలు తెలుసు, తమ్ముడికి ఫిజిక్స్ తెలుసు. ఇద్దరూ కలిస్తే ఏం పుడుతుందో 1880లో ప్రపంచం చూసింది.

టూర్మలిన్ లాంటి కొన్ని స్ఫటికాలను వేడి చేస్తే వాటి చివర్లలో విద్యుత్తు పుడుతుందని అప్పటికే తెలుసు. అన్నదమ్ములు ఇలా ఆలోచించారు. వేడి చేస్తే స్ఫటికం కొంచెం సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. అలాంటప్పుడు వేడితో పనిలేకుండా నేరుగా నొక్కితే? ఏ స్ఫటికాన్ని, ఏ దిక్కు నుంచి నొక్కితే విద్యుత్తు రావాలో సౌష్ఠవాన్ని బట్టి ముందే లెక్క వేసుకున్నారు. తర్వాత స్ఫటికాలను ఆ దిక్కులో కోసి, రెండు పక్కలా తగరపు రేకు అంటించి, నొక్కి చూశారు. మీటరు ముల్లు కదిలింది. వదిలేస్తే వ్యతిరేక దిశలో కదిలింది. వాళ్ళు పరీక్షించిన వాటిలో టూర్మలిన్, టోపాజ్, క్వార్ట్జ్‌తో పాటు చెరకు పంచదార స్ఫటికం కూడా ఉంది. అంటే మన పటికబెల్లం. గుడిలో ప్రసాదంగా పెట్టే ఆ కలకండ ముక్కకు కూడా ఈ గుణం ఉంది. అప్పటికి జాక్‌కు 24 ఏళ్ళు, పియరీకి 21.

దీనికే పీజో విద్యుత్తు అని పేరు వచ్చింది. గ్రీకులో పీజో అంటే నొక్కడం. మీ వంటింట్లో గ్యాస్ లైటర్ టిక్కుమన్నప్పుడు జరిగేది ఇదే. లోపల స్ప్రింగుతో ఒక చిన్న సుత్తి దెబ్బ పీజో ముక్క మీద పడుతుంది, ఆ దెబ్బకు పుట్టిన విద్యుత్తు నిప్పురవ్వగా దూకుతుంది. బ్యాటరీ లేకుండా ఏళ్ళ తరబడి పనిచేసేది అందుకే.

మరుసటి ఏడాది లిప్‌మన్ అనే శాస్త్రవేత్త కాగితం మీద ఇంకో సంగతి తేల్చారు. నొక్కితే విద్యుత్తు వస్తోందంటే, విద్యుత్తు ఇస్తే స్ఫటికం తన ఆకారం మార్చుకోవాలి. అన్నదమ్ములు వెంటనే ప్రయోగం చేసి అదీ నిజమేనని చూపించారు. ఆ మార్పు కంటికి కనిపించేంత కూడా ఉండదు. కానీ గడియారాల కథ అంతా ఈ రెండో సగంలోనే ఉంది.

అప్పట్లో దీన్ని చూసి గడియారం గురించి ఎవరూ ఆలోచించలేదు. క్యూరీ సోదరులు దాన్ని ఒక కొలత పరికరంగా మార్చారు. పలచని క్వార్ట్జ్ పలకకు తెలిసిన బరువు వేలాడదీస్తే తెలిసినంత విద్యుత్తు వస్తుంది. దానితో పోల్చి చాలా సూక్ష్మమైన విద్యుత్తును కొలవవచ్చు. అంతే, ఆ పని అయిపోయింది. 1882లో పియరీ పారిస్‌లో కొత్తగా పెట్టిన ఇండస్ట్రియల్ ఫిజిక్స్, కెమిస్ట్రీ స్కూల్లో ల్యాబ్ ఇన్‌చార్జిగా వెళ్ళారు. మరుసటి ఏడాది జాక్ మాంపెలియేకు లెక్చరర్‌గా వెళ్ళిపోయారు. జంట విడిపోయింది.

ఆ స్కూల్లో పియరీ 22 ఏళ్ళు ఉన్నారు. మొదటి పదమూడేళ్ళు ప్రొఫెసర్ పదవి లేదు, సొంత ల్యాబ్ లేదు. మెట్లకూ విద్యార్థుల గదికీ మధ్య ఉన్న నడవలో తన ప్రయోగాలు చేసుకునేవారు. సిఫార్సులు అడగడం ఆయనకు చేతకాదు, ఇష్టమూ లేదు. అయస్కాంతాల మీద ఏళ్ళ తరబడి పనిచేసి, వేడెక్కించుకుంటూ పోతే ఒక హద్దు దగ్గర ఇనుము అయస్కాంత గుణం కోల్పోతుందనే విషయాన్ని లోతుగా కొలిచారు. ఆ హద్దును ఈనాటికీ క్యూరీ ఉష్ణోగ్రత అంటారు. ఆ పనితో 1895లో, 35 ఏళ్ళ వయసులో డాక్టరేట్ తీసుకున్నారు. నిజానికి పదేళ్ళ ముందే పీజో విద్యుత్తు మీద తీసుకోవచ్చు. తీసుకోవాలని ఆయనకు తోచలేదు.

అదే ఏడాది జులై 26న మేరీతో పెళ్ళి జరిగింది. పోలాండ్ నుంచి చదువుకోడానికి వచ్చిన మేరీకి ఉక్కు మీద ప్రయోగాలకు చోటు కావలసి వస్తే, ఒకరి ద్వారా పరిచయమయ్యారు. పెళ్ళి కానుకగా వచ్చిన డబ్బుతో రెండు సైకిళ్ళు కొనుక్కుని ఊళ్ళు తిరిగొచ్చారు. ఆ తర్వాతి కథ మీకు తెలిసిందే. కారుతున్న షెడ్డు, టన్నుల కొద్దీ ఖనిజం, 1898లో పొలోనియం, రేడియం. తెలియని ముక్క ఒకటి చెబుతాను. యురేనియం నుంచి వచ్చే కిరణాలు గాలిలో పుట్టించే విద్యుత్తు అతి స్వల్పం. దాన్ని మేరీ కచ్చితంగా కొలవగలిగింది దేనితో అంటే, పదిహేనేళ్ళ కిందట అన్నదమ్ములు చేసిపెట్టిన ఆ క్వార్ట్జ్ పరికరంతోనే. మేరీ పని ఎటు పోతోందో చూసి, పియరీ తన స్ఫటికాల పరిశోధన పక్కన పెట్టి ఆమెతో చేరారు.

1903లో నోబెల్ బహుమతికి ఫ్రెంచి శాస్త్రవేత్తలు పంపిన పేర్లలో బెకరెల్, పియరీ ఉన్నారు, మేరీ లేదు. ఈ సంగతి స్వీడన్ నుంచి ఒక గణిత శాస్త్రవేత్త తెలియజేస్తే, ఇది ఇద్దరి పని, ఇద్దరినీ కలిపే చూడాలని పియరీ జవాబు రాశారు. మేరీకి నోబెల్ అలా వచ్చింది. అదే ఏడాది ప్రభుత్వం ఇవ్వజూపిన లీజియన్ ఆఫ్ ఆనర్ బిరుదును మాత్రం, నాకు కావలసింది ల్యాబ్ గానీ పతకం కాదనే అర్థంలో కబురు పంపి వద్దన్నారు. ఆడపిల్లల తల్లిదండ్రులు వాళ్ళకు మేరీ కథ చెప్పేటప్పుడు, మగపిల్లల తల్లిదండ్రులు వాళ్ళకు పియరీ రాసిన ఆ ఉత్తరం కథ చెబితే బాగుంటుందని నా అభిప్రాయం.

1906 ఏప్రిల్ 19న పారిస్‌లో వాన పడుతోంది. రూ డొఫీన్ అనే ఇరుకు వీధి దాటుతూ పియరీ జారి గుర్రపు బండి కింద పడ్డారు. వెనక చక్రం తల మీదుగా వెళ్ళింది. ఆయన వయసు 46. పెద్ద కూతురు ఐరీన్‌కు ఎనిమిదేళ్ళు, చిన్నది ఈవ్‌కు ఏడాదిన్నర కూడా నిండలేదు.

ఆయన వదిలేసిన పలుగురాయిని అందుకున్నది ఆయన శిష్యుడే. పాల్ లాంజెవిన్ ఆ ఇండస్ట్రియల్ స్కూల్లోనే పియరీ దగ్గర చదువుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో నీటి అడుగున దాగిన జలాంతర్గాములను పట్టుకోవడానికి 1917లో క్వార్ట్జ్ పలకలకు విద్యుత్తు ఇచ్చి, అవి వేగంగా కంపించేలా చేసి, నీళ్ళలోకి శబ్ద తరంగాలు పంపారు. ఆ కంపనాన్ని అమెరికాలో కేడీ అనే ప్రొఫెసర్ ఇంకో రకంగా చూశారు. ప్రతి క్వార్ట్జ్ పలకకూ దాని సైజును బట్టి సొంత కంపనం ఒకటి ఉంటుంది. గుడి గంటను ఎవరు కొట్టినా అదే శ్రుతిలో మోగినట్టు, అది ఎప్పుడూ ఆ వేగంతోనే కంపిస్తుంది. రేడియో స్టేషన్లు తమ తరంగాన్ని స్థిరంగా ఉంచుకోవడానికి అది పనికొచ్చింది. 1927లో బెల్ ల్యాబ్స్‌లో మారిసన్, హార్టన్ ఆ కంపనాలను లెక్కపెట్టే గడియారం చేశారు. 1969 డిసెంబరు 25న టోక్యోలో మొదటి క్వార్ట్జ్ చేతి వాచీ అమ్మకానికి వచ్చింది. జాక్ 1941 దాకా బతికే ఉన్నారు. ఇరవై నాలుగో ఏట తమ్ముడితో కలిసి నొక్కి చూసిన రాయి గడియారంగా మారడం ఆయన కాలంలోనే జరిగింది.

ఇక మీ పిల్లల బోర్డు దగ్గరికి వద్దాం. మైక్రోకంట్రోలర్ అంటే ఒకే చిప్‌లో ఇమిడిన బుల్లి కంప్యూటర్. అది చేసే ప్రతి పనీ మృదంగం మీద తాళం పడ్డట్టు ఒక్కో టిక్కుకు ఒక్కో అడుగు పడుతుంది. ఆ టిక్కులు ఎక్కడి నుంచి రావాలో చెప్పడాన్నే క్లాక్ సోర్స్ ఎంచుకోవడం అంటారు. పిల్లలు వాడే ఊనో బోర్డులోని చిప్‌కు ఇందులో చాలా దారులున్నాయి, ముఖ్యమైనవి రెండు.

ఒకటి చిప్ లోపలే ఉన్న ఆర్‌సీ ఆసిలేటర్. ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు నిండుతూ ఖాళీ అవుతూ ఇచ్చే టిక్కు అది. వేరే పార్ట్ కొనక్కర్లేదు, గాఢ నిద్రలో ఉన్న చిప్‌ను లేపితే ఆరు టిక్కుల్లో సిద్ధమవుతుంది. కానీ ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు దాని వేగం పది శాతం వరకు అటూ ఇటూ ఉండవచ్చు. పది శాతం అంటే రోజుకు 2 గంటల 24 నిమిషాలు. లైటు వెలిగించి ఆర్పడానికి, గీత వెంట నడిచే రోబోకు అదేం అడ్డు కాదు. గడియారం చేయాలంటే మాత్రం పనికిరాదు. కంప్యూటర్‌తో వైరు మీద మాట్లాడటానికీ చిక్కే. ఒక్కో అక్షరం పది బిట్‌ల మూటగా వస్తుంది, మొదటి బిట్ చూసి మిగతావి టైమ్ లెక్కతో చదువుకోవాలి. రెండు శాతం మించి తేడా ఉంటే చివరి బిట్‌ల దగ్గర అడుగు తప్పడం మొదలవుతుంది. స్క్రీన్ మీద పిచ్చి గుర్తులు వస్తున్నాయని మీ అమ్మాయి తల పట్టుకుంటే, చూడవలసిన చోట్లలో ఇదొకటి.

రెండోది బయట పెట్టే క్వార్ట్జ్ క్రిస్టల్. చింతగింజంత వెండిరంగు డబ్బీలో పలచని పలుగురాయి పలక. సెకనుకు కోటీ అరవై లక్షల టిక్కులు. పక్కన రెండు చిన్న కెపాసిటర్లు కావాలి. మామూలు క్రిస్టల్‌లో తేడా పది లక్షలకు ఇరవై చొప్పున వేసుకున్నా రోజుకు రెండు సెకన్ల లోపే. కానీ ఇది లేవడానికి టైమ్ తీసుకుంటుంది. కంపనం కుదురుకునేదాకా 16,384 టిక్కులు లెక్కపెట్టి, ఆ తర్వాతే పని మొదలుపెట్టమని చిప్‌కు సెట్టింగ్ ఇస్తారు. ఆ ఎదురుచూపు ఇవ్వకపోతే మొదటి అడుగులు తడబడతాయి.

అసలు ఊనో బోర్డులో తమాషా ఏమిటంటే, పైకి కనిపించే ఆ వెండి డబ్బీ యూఎస్‌బీ సంగతి చూసే పక్క చిప్‌ది. కంప్యూటర్ అంత కచ్చితం అడుగుతుంది కాబట్టి దానికి క్వార్ట్జ్ ఇచ్చారు. పిల్లలు ప్రోగ్రామ్ రాసే చిప్‌కు కొంచెం చవకైన సెరామిక్ రెజోనేటర్‌తో సరిపెట్టారు. అదీ పీజో ముక్కే. గడియారాల కోసం ఇంకో చిన్న క్రిస్టల్ ఉంది, సెకనుకు 32,768 టిక్కులు. ఆ అంకె ఎందుకంటే దాన్ని పదిహేనుసార్లు సగం చేస్తే సరిగ్గా ఒకటి వస్తుంది, అంటే సెకనుకు ఒక టిక్కు. కాలిక్యులేటర్‌తో ఇంట్లో చేసి చూడండి.

ఎంచుకుంటే సరిపోదు, చిప్‌కు చెప్పాలి. దానికి ఫ్యూజ్ బిట్‌లు ఉంటాయి. ఇంట్లో కాలిపోయే ఫ్యూజు కాదు, కరెంటు పోయినా చెరగని సెట్టింగ్. కొత్తగా కొన్న విడి చిప్ లోపలి ఆర్‌సీ మీద, అదీ ఎనిమిదో వంతుకు తగ్గించిన వేగంతో, సెకనుకు పది లక్షల టిక్కులతో వస్తుంది. దానికి కోటీ అరవై లక్షల లెక్కన ప్రోగ్రామ్ రాస్తే సెకనుకోసారి వెలగాల్సిన లైటు పదహారు సెకన్లకోసారి వెలుగుతుంది. ఇంకో పొరపాటు ఎక్కువగా జరుగుతుంది. బయట క్రిస్టల్ పెట్టకుండానే, క్రిస్టల్ ఉందని ఫ్యూజ్ రాసేస్తారు. చిప్ మౌనంగా అయిపోతుంది, దేనికీ పలకదు. చచ్చిపోయిందనుకుని చెత్తబుట్టలో వేసేవాళ్ళు చాలామంది. దానికేమీ కాలేదు, రాని టిక్కు కోసం ఎదురుచూస్తోంది. ఇంకో బోర్డు నుంచి దాని క్లాక్ పిన్నుకు టిక్కులు అందిస్తే లేస్తుంది, అప్పుడు ఫ్యూజ్ సరిచేయవచ్చు.

వచ్చే నెల పిల్లలు బ్రెడ్‌బోర్డు మీద రెండు విడి చిప్‌లు పెట్టి, ఒకదాన్ని లోపలి ఆర్‌సీతో, రెండోదాన్ని క్రిస్టల్‌తో గడియారంగా నడుపుతారు. ఒక శనివారం సాయంత్రం అవి ఇంటికి వస్తాయి. ఆదివారం సాయంత్రం దాకా రెండింటినీ గోడ గడియారంతో పోల్చి గంటకోసారి నోట్‌బుక్‌లో రాయాలి. మధ్యలో ఛార్జర్ కోసం ఆ ప్లగ్ తీయకండి. తేడా ఎంత వచ్చిందో లెక్క వాళ్ళనే వేయనివ్వండి, ఆలస్యమైనా సరే.